పార్కిన్సన్స్ వచ్చిన ఆరేళ్లకు స్టీరింగ్ దగ్గర: ఒక కేస్ స్టడీ

రోగి వయసు 66. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. విజయవాడ పటమటలో ఇల్లు, ఉయ్యూరు దగ్గర మూడెకరాల పొలం. వారానికి మూడు రోజులు ఉదయం ఏడున్నరకు గేర్ల వ్యాగనార్ తీసుకుని బందరు రోడ్డు మీద పొలానికి వెళ్తారు, భోజనం వేళకు తిరిగొస్తారు. కూరగాయలకీ గుడికీ యాక్టివా. ఆరేళ్ల కిందట ఎడమ చెయ్యి వణకడంతో జబ్బు బయటపడింది. (గుర్తుపట్టే వివరాలు మార్చాం. ఒకే రకం ఇబ్బందితో వచ్చిన ఒకరిద్దరి విషయాలు ఇందులో కలిసి ఉన్నాయి. మందుల డోసులు ఈ రోగికి సరిపడినవి, చూసి మార్చుకునేవి కావు.)

ఆయన వచ్చింది భార్య పట్టు మీద. "చెయ్యి అలా వణుకుతుంటే స్టీరింగ్ ఎలా పట్టుకుంటారండీ?" అన్నది ఆవిడ ప్రశ్న. "ముప్పై అయిదేళ్లుగా నడుపుతున్నా, ఇంతవరకూ ఒక్క కేసు లేదు" అన్నది ఆయన జవాబు. ఇద్దరి చూపూ వణుకు మీదే ఉంది.

పార్కిన్సన్స్ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వచ్చేది, సెకనుకు 4 నుంచి 6 సార్లు. చెయ్యి పనిలో పడితే, అంటే స్టీరింగ్ పట్టుకుంటే, చాలామందిలో అది తగ్గిపోతుంది. బండి నడపడానికి అడ్డుపడేవి వేరే ఉన్నాయి: కదలిక మొదలవడంలోనే ఆలస్యం, బిగుసుకుపోయి తిరగని మెడ, రెండు పనులు ఒకేసారి చేయలేకపోవడం, మసక వెలుతురులో వస్తువు వెనకున్న రంగులో కలిసిపోవడం, పగటి నిద్ర. పక్కసీట్లో కూర్చున్నవాళ్లకు ఇవేవీ కనబడవు. వణుకు ఒక్కటే కనబడుతుంది, అందుకే భయమంతా దానిమీద పెట్టుకుంటారు.

మొదటి పరీక్ష, అందులో జరిగిన పొరపాటు

అపాయింట్‌మెంట్ ఉదయం 9:30కి. ఆయన 7 గంటలకు మందు వేసుకుని వచ్చారు. నడక బాగుంది, వేళ్ల కదలిక బాగుంది, వెనక నుంచి భుజాలు పట్టి లాగితే రెండడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకున్నారు. మూడు మీటర్లు చకచకా వెళ్లి తిరిగి రావడానికి 7 సెకన్లు పట్టింది. వృద్ధ డ్రైవర్ల పరీక్షలో 9 సెకన్లు దాటితేనే అనుమానించాలంటారు. 'పగలు, తెలిసిన దారిలో నడపవచ్చు' అని రాసివ్వడానికి కాగితం దాదాపు సిద్ధమైంది.

ఆపింది కారే. పార్కింగ్‌లో ఆ వ్యాగనార్ చుట్టూ ఒకసారి తిరిగి చూస్తే అయిదు చోట్ల దెబ్బలున్నాయి. అయిదూ ఎడమవైపే: అద్దం పగిలి టేపు వేసి ఉంది, వెనక తలుపు మీద పొడుగ్గా గీత, ముందు బంపర్ మూల సొట్ట. కుడివైపు కొత్త కారులా ఉంది. ఎప్పుడెప్పుడు తగిలాయో భార్యను విడిగా కూర్చోబెట్టి అడిగాం. రెండు ఇంటి గేటు స్తంభానికి, ఒకటి ఆగి ఉన్న ఆటోకి, మిగతావి ఎక్కడివో తెలియదు. తెలిసిన మూడూ పొలం నుంచి తిరిగొచ్చేటప్పుడే, పన్నెండు, పన్నెండున్నర మధ్య.

అప్పుడు మందుల పట్టిక మళ్లీ చూశాం. లెవోడోపా 100, కార్బిడోపా 25 మిల్లీగ్రాముల మాత్ర ఒకటిన్నర చొప్పున ఉదయం 7, మధ్యాహ్నం 1, రాత్రి 7. డోసుకీ డోసుకీ ఆరు గంటలు. జబ్బు మొదటి రెండు మూడేళ్లలో ఆ ఎడం సరిపోతుంది, ఎందుకంటే మెదడులో మిగిలి ఉన్న కణాలు కొంత డోపమిన్‌ని (కదలికలకు కావలసిన రసాయనం, ఈ జబ్బులో తగ్గిపోయేది; లెవోడోపా మెదడులో అదే అవుతుంది) దాచి నెమ్మదిగా వదులుతాయి. ఆరో ఏట ఆ దాచుకునే శక్తి పోతుంది, మందు రక్తంలో ఉన్నంతసేపే పని. ఈయనకు నాలుగు గంటలకే దిగిపోతోంది. అంటే ఏడున్నరకు పొలానికి వెళ్లే డ్రైవరు వేరు, పన్నెండింటికి తిరిగొచ్చే డ్రైవరు వేరు. మనం పరీక్ష చేసింది మొదటివాణ్ని.

1998లో ఫిన్లాండ్‌లో చేసిన ఒక అధ్యయనంలో పార్కిన్సన్స్ రోగుల డ్రైవింగ్‌ని న్యూరాలజిస్టు, సైకాలజిస్టు, డ్రైవింగ్ శిక్షకుడు వేర్వేరుగా అంచనా కట్టారు. ఉన్నదానికంటే ఎక్కువ మార్కులు వేసింది న్యూరాలజిస్టే. అవుట్‌పేషెంట్ గదిలో, మందు బాగా పట్టిన వేళ చూస్తే అంతే మరి.

రెండో పరీక్ష: మధ్యాహ్నం 12కి, మందు దిగాక

ఈసారి ఆయన్ని డ్రైవరుతో రమ్మన్నాం. నేరుగా వచ్చిన ఫలితాలు ఇవి.

భుజాలు పట్టి లాగితే అడుగు పడలేదు, పట్టుకోకపోతే పడిపోయేవారు. మెడ ఎడమకి సగమే తిరిగింది. కూర్చుని ఎడమ పాదంతో నేలను 15 సెకన్లు తట్టమంటే ఉదయం 18 సార్లు, ఇప్పుడు 9. తట్టేకొద్దీ పాదం లేచే ఎత్తు తగ్గుతూ వచ్చింది. మన కార్లలో ఎడమ పాదం క్లచ్‌ది, ఎడమ చెయ్యి గేరుది. జబ్బు ఎడమవైపు మొదలైనవాళ్లకి ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు బండి వెనక్కి జారడం, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోవడం ముందుగా కనబడతాయి. కుడివైపు మొదలైనవాళ్ల సంగతి ఇంకా గట్టిగా చూడాలి, బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ ఆ పాదానివే.

బ్రేకు ఆలస్యాన్ని కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పాదం యాక్సిలరేటర్ మీద ఉంచమనాలి. అద్దం ముందు ఎర్రలైటు వెలిగించాలి. పెడళ్లూ లైటూ రెండూ పడేలా ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టాలి. లైటు వెలిగినప్పటి నుంచి పాదం లేచేదాకా ఒక ముక్క, లేచినప్పటి నుంచి బ్రేకు తాకేదాకా ఇంకో ముక్క. పదిసార్లు చేసి మధ్య విలువ తీసుకోవాలి. రెండు ముక్కలూ విడిగా రాయడం ముఖ్యం: మొదటిది మెదడు ఆలస్యం, రెండోది కాలి ఆలస్యం. మందు ఎక్కువగా సరిచేయగలిగేది రెండోదాన్ని.

ఈయనకు ఉదయం 0.45, 0.30, మొత్తం 0.75 సెకను. మధ్యాహ్నం 0.62, 0.58, మొత్తం 1.2. అదే మధ్యాహ్నం, వంద నుంచి ఏడేడు తగ్గిస్తూ లెక్కపెట్టమని చెబితే 1.6. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. 0.75కీ 1.6కీ తేడా 0.85 సెకను, అంటే బ్రేకు తాకేలోపు అదనంగా పన్నెండు మీటర్లు. మూడు వ్యాగనార్లు వరసగా నిలబెట్టినంత దూరం. ఏడేడు తగ్గించే లెక్క గదిలో పెట్టే పరీక్షే అయినా రోడ్డు మీద దాని స్థానంలో పక్కసీటు మాటలు, మోగే ఫోను, వెనక నుంచి హారన్, గుంత, అడ్డం వచ్చే గేదె ఉంటాయి.

ఆలోచన పరీక్షల్లో మోకా (జ్ఞాపకం, ఏకాగ్రత, బొమ్మ గీయడం వంటివి చూసే చిన్న పరీక్ష) 30కి 23. తప్పినవి ఎక్కువగా గడియారం బొమ్మ, ఘనం బొమ్మ, మాటల జ్ఞాపకం. ట్రెయిల్ మేకింగ్ 'బి' భాగానికి 204 సెకన్లు. మూడు నిమిషాలు దాటితే రోడ్డు పరీక్ష లేకుండా నడపనివ్వకూడదన్నది వాడుకలో ఉన్న గీత. ఇక్కడ ఒక జాగ్రత్త. అంకె, ఇంగ్లీషు అక్షరం మార్చి మార్చి కలపాల్సిన పరీక్ష అది. బ్యాంకు ఉద్యోగికి ఫరవాలేదు. తెలుగు మీడియంలో అయిదారు తరగతులు చదివిన రైతుకి అదే పెట్టి 'మెదడు నెమ్మదించింది' అని రాస్తే అన్యాయం. అ, ఆ, ఇ, ఈలతో పెట్టవచ్చు కానీ అప్పుడు ఆ మూడు నిమిషాల గీతను యథాతథంగా వాడకూడదు. ఆరు నెలల తర్వాత ఆ మనిషితోనే పోల్చుకోవడానికి పనికొస్తుంది.

కంటిచూపు చార్టు మీద 6/9, అంటే కాగితం మీద ఇబ్బంది లేదు. పెల్లి రాబ్సన్ చార్టులో, అంటే అక్షరాల సైజు మారకుండా రంగు మాత్రమే పాలిపోతూ పోయే చార్టులో, 1.35 దగ్గర ఆగిపోయారు. 1.5కి తగ్గితే లోపమే. డోపమిన్ కంటి రెటీనాలోనూ పనిచేస్తుంది కాబట్టి పార్కిన్సన్స్‌లో ఈ చూపు దెబ్బతింటుంది. ఈయనకు దాని మీద రెండు కళ్లలోనూ శుక్లం మొదలైంది. ఉయ్యూరు రోడ్డులో చెరకు సీజన్‌లో రిఫ్లెక్టర్ లేని ట్రాక్టరు ట్రక్కు మసక చీకట్లో ముందు పోతుంటే 6/9 చూపు కాపాడదు, ఈ రెండో చూపే కాపాడాలి. లైసెన్సు పరీక్షలో దీన్ని ఎవరూ అడగరు.

ఎడమవైపు దెబ్బల సంగతి: జబ్బు ఎడమవైపు మొదలైన కొందరిలో ఎడమ పక్క ఖాళీ ఎంతుందో అంచనా తప్పుతుంది. దానికి తిరగని మెడ తోడైంది. ఆయనకు 'గేటు చిన్నది' అనిపించేది.

నిద్ర

దీని గురించి ఆయన చెప్పలేదు, భార్యా మొదట చెప్పలేదు, అడిగితే బయటపడింది. ఎప్‌వర్త్ నిద్ర పట్టికలో ఎనిమిది ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3. పది దాటితే అతినిద్ర. ఆయన తన చేత్తో వేసుకున్నది 8. అదే పట్టిక భార్య వేస్తే 15. 'కారులో ఉండి ట్రాఫిక్‌లో కొన్ని నిమిషాలు ఆగినప్పుడు' అన్న చివరి ప్రశ్నకి ఆయన 0 వేశారు, ఆవిడ 2 వేసింది. "బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే నేనే తట్టి చెప్పాలండీ, పచ్చలైటు వచ్చిందని."

లెవోడోపాతో పాటు ఆయన వేసుకునే ఇంకో పార్కిన్సన్స్ మందు ప్రామిపెక్సోల్. నాలుగు నెలల కిందట దాన్ని పూటకి 0.25 నుంచి 0.5 మిల్లీగ్రాములకి పెంచారు, రోజుకి మూడు పూటలు. ఆ నిద్ర అప్పటినుంచే. ప్రామిపెక్సోల్, అదే కోవకి చెందిన రోపినిరోల్ వేసుకుంటూ కారు నడుపుతూ నిద్రలోకి జారిన ఎనిమిది మంది రోగుల గురించి 1999లోనే అమెరికా నుంచి రిపోర్టు వచ్చింది. కొందరికి ఆవులింత కూడా రాదు, ముందస్తు హెచ్చరిక లేకుండా కన్ను మూతపడుతుంది. 'నిద్రొస్తే పక్కన ఆపుతాను' అన్న హామీ అందుకే పనిచేయదు. ఈ మందులు మొదలుపెట్టినప్పుడూ డోసు పెంచినప్పుడూ బండి గురించి అడగాలి. జూదం, అతిగా కొనడం, హఠాత్తుగా వేగం పెంచి నడపడం వంటి అలవాట్లు కొత్తగా వచ్చాయా అనీ అడగాలి. ఈయనకు అవి లేవు.

ఇంకో మందు చీటీలో లేదు, సంచిలో ఉంది. వణుకు తగ్గడానికి వీధి చివర డాక్టరు రాసిన ట్రైహెక్సీఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు, రోజుకి రెండు. వణుకు కొంత తగ్గిన మాట నిజం. 66 ఏళ్ల మనిషికి దాని ఖరీదు మసకచూపు, మతిమరుపు, మందగించిన ఆలోచన. నడపడానికి అడ్డంకాని దాన్ని తగ్గించడానికి, నడపడానికి కావలసినవన్నీ చెడగొట్టే మందు అది. రోగులు వచ్చేటప్పుడు చీటీ కాకుండా ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తెమ్మనడం ఇందుకే. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపూ బీపీ చూశాం. పై సంఖ్య 12 మాత్రమే పడిపోయింది (20 పడితే లెక్కలోకి వస్తుంది), కాబట్టి దాన్ని వదిలేశాం.

ఏం మార్చాం

అన్నిటికంటే ముందు, ఆ రోజు నుంచే కారు, స్కూటరు రెండూ పూర్తిగా ఆపించాం. 'మందులు సర్దేదాకా ఎనిమిది వారాలు, తర్వాత రోడ్డు మీద పరీక్ష' అని తేదీ వేసి చెప్పాం. తేదీ లేకుండా 'ప్రస్తుతానికి మానెయ్యండి' అంటే ఎవరూ మానరు.

ప్రామిపెక్సోల్‌ని వారానికి ఒక పూట చొప్పున 0.25కి దించి, తర్వాత అలాగే ఒక్కో పూటా తీసేశాం. మొత్తం ఆరు వారాలు. ఒక్కసారిగా ఆపితే ఆందోళన, చెమటలు, ఆ మందు కోసం తహతహ వస్తాయి. ట్రైహెక్సీఫెనిడిల్‌ని రెండు వారాల్లో కొంచెం కొంచెంగా మాన్పించాం. లెవోడోపా మాత్రని ఒకటి చొప్పున అయిదు పూటలు చేశాం: 6:30, 10, 1:30, 5, 8:30. మొత్తం డోసు 450 నుంచి 500కి మాత్రమే పెరిగింది, ఎడం మాత్రం ఆరు నుంచి మూడున్నర గంటలకి తగ్గింది. ఇంకో చిన్న మార్పు పెద్ద ఫలితమిచ్చింది. ఆయన ఒంటిగంట మాత్రని పప్పన్నం మధ్యలో వేసుకునేవారు. మాంసకృత్తులు, లెవోడోపా పేగులో ఒకే దారికి పోటీపడతాయి. పప్పూ పెరుగూ గెలిస్తే మందు గంట ఆలస్యంగా ఎక్కుతుంది. మాత్ర భోజనానికి అరగంట ముందు, మంచినీళ్లతో. వాంతి వచ్చినట్టుంటే ఒక బిస్కెట్టు చాలు.

శుక్లాలకు ముందు కుడికన్ను, నెల తర్వాత ఎడమకన్ను ఆపరేషన్ అయ్యాయి. దాంతో ఎనిమిది వారాలు పన్నెండయ్యాయి.

పన్నెండో వారం: భార్య వేసిన ఎప్‌వర్త్ 7, పెల్లి రాబ్సన్ 1.65, ట్రెయిల్ 'బి' 168 సెకన్లు, మోకా 25. మధ్యాహ్నం 12కి బ్రేకు ఆలస్యం 0.8, లెక్క పెడుతూ 1.15. మోకా పరీక్షలో పెరిగిన ఆ రెండు మార్కులూ ఎక్కువగా ట్రైహెక్సీఫెనిడిల్ మానినందుకే అనుకోవచ్చు.

రోడ్డు పరీక్ష

డ్రైవింగ్ స్కూల్ కారు, శిక్షకుడి వైపు కూడా క్లచ్, బ్రేకు ఉన్నది. ముందు ఖాళీ మైదానంలో ఇరవై నిమిషాలు, తర్వాత పటమట లోపలి వీధులు, తర్వాత బందరు రోడ్డు. మొత్తం 45 నిమిషాలు. అంతకు తగ్గితే అలసట బయటపడదు. వెనకసీటులో థెరపిస్టు కూర్చుని రాసుకుంటారు. ఏడు చోట్ల చూడాలి: గుంపులోంచి ఎడమకి తిరగడం, సిగ్నల్ లేని కూడలి, ఎదురుగా వస్తున్న బండ్లు దాటి కుడికి తిరగడం, స్పీడ్ బ్రేకర్ ముందుగా చూడటం, ఆగి ఉన్న బండిని దాటడం, వెనక్కి తీయడం, 'వచ్చే మూడు దారుల్లో రెండోదానిలోకి వెళ్లండి' లాంటి సూచన గుర్తుంచుకుంటూ నడపడం. చివరిదానిలోనే ఎక్కువమంది తడబడతారు. దారి వెతుక్కోవడానికి మనసు పోతే లేన్, వేగం రెండూ చెదురుతాయి.

ఈయన గుంటూరు నుంచి బందరు దాకా ఏ దారైనా కళ్లు మూసుకుని చెప్పగలరు, కాబట్టి తెలియని వీధుల్లో తిప్పాం. ఒకసారి ఎడమవైపు సైకిల్‌కి మరీ దగ్గరగా వెళ్లారు, రెండుసార్లు గేరు మార్చేటప్పుడు బండి ఎడమకి లాగింది. శిక్షకుడు బ్రేకు తొక్కాల్సి రాలేదు. తొక్కాల్సి వచ్చి ఉంటే ఫెయిలే, రెండో మాట ఉండదు.

గేర్ల కారు అమ్మి గేర్లు లేనిది తీసుకోమన్నాం. క్లచ్, గేరు పోతే ఎడమ కాలు, చెయ్యి ఖాళీ అవుతాయి, మనసులో ఒక పని తగ్గుతుంది. కానీ ముప్పై అయిదేళ్లుగా క్లచ్ తొక్కిన ఎడమ కాలు ఆగేటప్పుడు తనంతట తాను లేచి బ్రేకు మీద పడుతుంది, బండి ఎగిరిపడి ఆగుతుంది. మొదటి పది రోజులు మైదానంలోనే, ఎడమ కాలు సీటు కిందకి మడిచి పెట్టుకుని అలవాటు చేయించాలి. చిన్నదిగా అనిపించిన ఆ గేటు స్తంభానికి పసుపు, నలుపు పట్టీలు వేయించారు.

రాసిచ్చిన షరతులు: సూర్యుడు ఉండగానే; మందు వేసుకున్న ముప్పావుగంట తర్వాత నుంచి రెండున్నర గంటల దాకా; పొలం దారి, పటమట మాత్రమే; జాతీయ రహదారి 16 వద్దు; పాటలు, ఫోను, లెక్కల మాటలు వద్దు; ఏ మందు మారినా రెండు వారాలు కారు వద్దు; ఆరు నెలలకోసారి మళ్లీ పరీక్ష, మధ్యాహ్నం వేళే.

యాక్టివా

దానికి షరతులు లేవు, పూర్తిగా మానమన్నాం. ఆయనకు అన్నిటికంటే కోపం వచ్చింది దీనికే. కారు నెమ్మదిగా పోతే ఆగుతుంది. స్కూటరు నెమ్మదిగా పోతే ఒరుగుతుంది. ఒరిగినప్పుడు పాదం వెంటనే నేల మీద పడాలి. వెనక్కి లాగితే అడుగు పడని మనిషికి ఆ పాదం సమయానికి పడదు. రెండు చక్రాల మీద సమతూకం వేగంలో కొన్నాళ్లు నిలవవచ్చు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు నడవలేక కాళ్లు నేలకి అతుక్కుపోయే రోగి సైకిలు మాత్రం చక్కగా తొక్కడాన్ని వీడియోతో సహా ప్రచురించారు. ఆ వీడియో చూసి స్కూటరు ఫరవాలేదనుకోకూడదు. అతను తొక్కింది నెదర్లాండ్స్‌లో, వన్‌టౌన్ మార్కెట్‌లో ఆగుతూ, కదులుతూ, సంచి మోస్తూ కాదు. ఇంకో మాట: జబ్బు మొదలైన కొద్దికాలానికే సైకిలు తొక్కడం పూర్తిగా పోతే అది మామూలు పార్కిన్సన్స్ కాకపోవచ్చు, పోలిన వేరే జబ్బేమో చూడాలి.

కాగితాలు

మోటారు వాహనాల చట్టంలో, ఫారాల్లో పార్కిన్సన్స్ అన్న పేరు విడిగా లేదు. ఫారం 1లో చేతులు, కాళ్ల కదలిక, అదుపు, బలంలో లోపముందా అన్న ప్రశ్న, ప్రజలకు ప్రమాదం కలిగించే వేరే జబ్బు ఏదైనా ఉందా అన్న ప్రశ్న ఉన్నాయి. వాటికి 'లేదు' అని రాయడం కుదరదు. 40 దాటినవాళ్లకు డాక్టరు ఇచ్చే 1ఎ ఫారం కావాలి. 2019 సవరణ తర్వాత 55 దాటినవాళ్లకు లైసెన్సు అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. మధ్యలో జబ్బు వచ్చిందని రవాణా అధికారికి సహేతుకంగా అనిపిస్తే 16వ సెక్షన్ కింద మెడికల్ సర్టిఫికెట్ అడగవచ్చు, రద్దూ చేయవచ్చు. 1ఎ ఫారం మీద నిమిషంలో సంతకం పెట్టే అలవాటు మన దగ్గర ఉంది; ఈ రోగి ఫారం అలా నిండినదే, జబ్బు బయటపడ్డ మూడేళ్ల తర్వాత. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు పద్ధతి వేరు: పార్కిన్సన్స్ అని తేలగానే లైసెన్సు సంస్థ డీవీఎల్ఏకి తెలపాలి, దాస్తే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా.

పద్నాలుగు నెలలకి

మొదటి రెండు ఆరునెలల పరీక్షలూ దాటారు. పద్నాలుగో నెలలో కూతురు ఫోన్ చేసింది: సాయంత్రం పూట వాకిట్లో ఎవరో పిల్లలు నిలబడి ఉన్నారంటున్నారని. మందు ఎక్కువై వచ్చిన భ్రమా, జబ్బు మెదడులో పైకి పాకడమా అన్నది తర్వాత తేల్చాల్సిన సంగతి. రోడ్డు మీద లేని పిల్లవాడు కనబడేవాళ్లకి ఉన్న పిల్లవాడు కూడా ఆలస్యంగా కనబడతాడు. మోకా 20, ట్రెయిల్ 'బి' అయిదు నిమిషాల్లో కూడా పూర్తికాలేదు. రోడ్డు పరీక్ష అక్కర్లేదనిపించింది.

చెప్పేటప్పుడు భార్యనీ కూతుర్నీ గది బయటే కూర్చోబెట్టాం. వాళ్ల ముందు చెబితే వాళ్లే చెప్పించారనుకుంటారు. "నేనెవర్నీ గుద్దలేదు కదండీ" అన్నారు. గుద్దలేదు, నిజమే. బ్రేకు కాలాల కాగితం మూడుసార్లదీ పక్కపక్కన పెట్టి, మీటర్లలోకి మార్చి చూపించాం. జీవితమంతా లెడ్జర్లు చూసిన మనిషి, అంకెలు ఆయనే మళ్లీ ఒకసారి వేసుకున్నారు. 'డ్రైవింగ్ పూర్తిగా మానాలి' అని చీటీ మీద డాక్టరు సంతకంతో రాసిచ్చాం. ఇంట్లో గొడవ వచ్చినప్పుడు తాళాలు దాచింది భార్య కాదని ఆ కాగితం చెబుతుంది.

పొలానికి ఇప్పుడు వారానికి ఒకరోజు, రోజు కూలీ డ్రైవరుతో వెళ్తున్నారు. లెవోడోపా వేళల ప్రకారం బయల్దేరే టైము మాత్రం పాతదే పెట్టుకున్నారు, చేలో గట్టు దిగాల్సి ఉంటుంది కాబట్టి. స్కూటరు కూతురు తీసుకెళ్లింది. లైసెన్సు గడువు ఇంకా కొన్ని నెలలుంది, పొడిగించుకోనని ఆయనే అన్నారు.